ఛాయాచిత్ర రచన: గీత, ఆకృతి, నిలుచు చోటు

క్రిందటి నెల ఈ శీర్షిక క్రింద వెలుతురును గూర్చి ముచ్చటించితిమి. ఈ నెల అంతకంటె ముఖ్యమైన విషయమును ఎత్తుకొనుచున్నాము. వెలుతురు ఎంత చక్కగా నున్నను, కెమేరా ఎంత వెలగలదైనను, చిత్రములో ఏది ఎచట నుండవలెనో ముందుగా నిర్ణయించుకొననిచో ఆ చిత్రము నిలువదు. ఆ నిర్ణయమునకే చిత్రరచన యని పేరు.

ఇది కేవలము వేడుకకై నేర్చుకొను విద్య కాదని మొదటనే మనవి చేయుచున్నాము. నేడు ఇంటింట సెల్‌ఫోను కలదు. పెండ్లి యైనను, సీమంతమైనను, అన్నప్రాశన మైనను వందలకొలది ఫోటోలు తీయుచున్నాము. అయినను ఇంటి పెద్దలలో నొకరు గతించిన దినమున, దండ వేయుటకు తగిన పటము కొఱకు వెదకినప్పుడు ఒక్కటియు దొరకదు. ఎవరి పెండ్లిలోనో తీసిన గుంపు ఫోటోలో వెనుక వరుస నున్న ముఖమును కత్తిరించి పెద్దది చేయింతురు. ప్రక్కవారి భుజము సగము కనబడుచుండును. కన్నులు అరమూతబడి యుండును. ముఖము మసకబారి యుండును. 50 సంవత్సరములు ఆ ఇంటిని నడపిన ఇల్లాలికి మిగిలిన గుర్తు అదియే. మునిమనుమలకు ముత్తవ్వ యనగా ఆ మసక ముఖమే. ఈ లోపము ఫోటోలు లేక కలిగినది కాదు. ఒక్క నిమిషము నిలిచి, చూచి, ఆలోచించి తీసిన ఫోటో లేక కలిగినది.

అట్టి ఫోటో తీయుటకు మూడు సంగతులు తెలిసిన చాలును. గీత చూపరి కన్నును నడిపించును. ఆకృతి ఆ కన్నును ఒకచోట నిలుపును. ఇక మనము నిలుచు చోటు, ఆ మనిషియెడ మనకు గల మర్యాదను తెలుపును. మూడింటిలో ఈ కడపటిదే గొప్పదని మా అభిప్రాయము. అది ఏలనో క్రమముగా చెప్పెదము.

వాకిట ముగ్గు పెట్టు స్త్రీకి గీత యనగా నేమో, ఆకృతి యనగా నేమో ఒకరు చెప్పనక్కఱలేదు. వాకిలికి ఎన్ని చుక్కలు పట్టునో కంటితోనే కొలిచి, చుక్కల నడుమ గీతను త్రిప్పి, చుట్టును కొంత నేల ఖాళీగా విడుతుము. ఆ ఖాళీ లేనిదే ముగ్గునకు అందము లేదు. బొమ్మల కొలువులో మెట్లను బేసి సంఖ్యలో కట్టి, పెద్ద బొమ్మను నడుమ నుంచి, చిన్నవానిని ఇరుప్రక్కల సర్దుదుము. చిత్రరచనయు ఇట్టిదే. కాని ఒక్క భేదము కలదు. ముగ్గులో ఖాళీ నేలపై ఒక్కొక్కటియే చేర్చుకొని పోదుము. ఫోటోలో ప్రపంచమంతయు ముందే నిండియుండును. అందుండి ఒక్కొక్కటియే తీసివేయవలెను. వెనుక నున్న బకెట్టును, గోడమీది క్యాలెండరును, సగము తెగిన కుర్చీని మన కన్ను లెక్కచేయదు, ఏలయన అది తనకు కావలసినదానినే చూచును. కెమేరాకు ఆ పక్షపాతము లేదు. కావున మీట నొక్కుటకు ముందు చిత్రముయొక్క నాలుగు అంచులను, నాలుగు మూలలను ఒకమాఱు కలయజూచుట అలవాటు చేసికొనవలెను. అట్లని అన్నిటిని తీసివేయరాదు. అత్తగారి కళ్లజోడు, తమలపాకుల పళ్లెము, రోజును చదువుకొను పుస్తకము ఆమెలో భాగములే. అవి ఉండవలసినవి.

గీత

గీత యనగా సుద్దతో గీచినదే కానక్కఱలేదు. వరండా స్తంభముల వరుస, మెట్ల అంచులు, గడప, ఇంటి దూలము, నూతి చేదత్రాడు, చీర అంచు, చాచిన చేయి, ఇవన్నియు గీతలే. కన్ను గీతవెంట నడచును. వరండా ఆ కొనను తాతగారిని కూర్చుండబెట్టి ఈ కొననుండి చూచినచో, స్తంభముల వరుస చూపరి కన్నును చేయి పట్టుకొని ఆయన యొద్దకు తీసికొనిపోవును. అదే వరుస ఖాళీ గోడవైపునకు పోయినచో కన్నును గోడకే పోయి, తాతగారు ఒక మూల మిగిలిపోవుదురు. గీతలు ఎటు పోవుచున్నవో చూచుకొని, వాని కొనను మనిషి యుండునట్లు నిలువవలెను.

అడ్డగీతలు నెమ్మదిని, నిలువుగీతలు నిబ్బరమును, ఏటవాలు గీతలు కదలికను తోపించును. చాపపై నిద్రించు పసిబిడ్డకు అడ్డగీతలు చాలును. ఉయ్యాల యూగు పిల్లను తీయునప్పుడు త్రాళ్లు నిలువుగా నున్న క్షణముకంటె, ఒక ప్రక్కకు వాలిన క్షణమే ఊపును చూపును. అడ్డముగా నుండవలసిన గడపయు చెఱువుగట్టును కారణము లేకయే వాలినచో చిత్రము ఒరిగినట్లు తోచును. ఫోను కెమేరాలో గ్రిడ్డు గీతలను పెట్టుకొనినయెడల ఈ వాలు వెంటనే తెలియును.

చూపు కూడ ఒక గీతయే. ముఖము ఎటు తిరిగియున్నదో అటు కొంత ఖాళీ విడువవలెను. లేనిచో గోడకు ముఖము పెట్టి కూర్చున్నట్లుండును. గీతలు చేయు కీడును మఱచిపోరాదు. తల వెనుక కరెంటు స్తంభ మున్నచో అది తలలోనుండి మొలచినట్లు కనబడును. బట్టలారవేయు దండెము మెడవెనుకగా పోయినచో కంఠము తెగినట్లుండును. దీనికి మందు సులభము: కుడికో ఎడమకో ఒక్క అడుగు జరుగుట.

గీతలును ఆకృతులును కలిసి యొక చిత్రమును ఎట్లు కట్టునో చూపుటకు ప్రసిద్ధమైన ఉదాహరణము కలదు. అమెరికా ఛాయాచిత్రకారుడగు ఆల్ఫ్రెడ్ స్టీగ్లిట్జ్ 1907లో కుటుంబముతో ఐరోపాకు ఓడపై పోవుచు, మొదటి తరగతి మేడనుండి క్రిందనున్న చౌక తరగతి ప్రయాణికులను చూచెను. గుండ్రని గడ్డిటోపీ యొకటి, ఎడమకు వాలిన పొగగొట్టము, కుడికి వాలిన మెట్లు, నడుమ అడ్డముగా తెల్లని వంతెన, క్రింద నొకని వీపుపై పెనవేసికొన్న తెల్లని పట్టీలు, తలపై శాలువ కప్పుకొన్న స్త్రీ. ఇవన్నియు ఆయన కంటికి ఒక్కమాఱుగా అమరెను. కెమేరా గదిలో నుండెను. పరుగున పోయి తెచ్చునప్పటికి గడ్డిటోపీ మనిషి కదలలేదు. మిగిలియున్నది ఒక్క ప్లేటు మాత్రమే. దానిపైననే ఆ చిత్రము తీసెనని ఆయన తరువాత వ్రాసికొనెను. అదియే ‘ది స్టీరేజ్’ అను ప్రఖ్యాత చిత్రము. అందలి తెల్లని వంతెన పై అంతస్తువారిని, క్రింది అంతస్తువారిని రెండుగా చీల్చుచున్నది. ఒక్క మాటయు వ్రాయకయే, కలిమిలేముల భేదమును ఆ గీత చూపరికి తోపించుచున్నది. గీతకు గల శక్తి ఇట్టిది.

ఆకృతి

ఆకృతులలో త్రికోణము మిక్కిలి స్థిరమైనది. బిడ్డను ఒడిలో నుంచుకొని నేలపై కూర్చున్న తల్లిని చూడుడు. ఆమె తల పై కొన. రెండు మోకాళ్లు క్రింది కొనలు. కన్ను ఆ మూడు కొనల నడుమనే తిరుగుచుండును, వెలుపలికి పోదు. ముగ్గురిని కలిపి తీయునప్పుడు ఒకే ఎత్తున నిలువబెట్టక, ఒకరిని కూర్చుండబెట్టి, ఒకరిని వంగి నిలువుమనినచో త్రికోణము తానే ఏర్పడును.

గుంపు ఫోటో మన యిండ్లలో తప్పనిది. 20 మందిని గోడకు ఆనించి ఒక్క వరుసగా నిలుపుట దడి కట్టుటవంటిది. పెద్దలను నడుమ కుర్చీలలోను, పిల్లలను ముందు చాపపైనను కూర్చుండబెట్టి, తక్కినవారిని వెనుక నిలుపుడు. ముందు వరుసలో రెండు తలల నడిమి సందున వెనుక వరుస తల వచ్చునట్లు సర్దుడు. ఫోను కటకము విశాలముగా చూచునట్టిది గనుక, దగ్గఱనుండి తీసినచో అంచుల నున్నవారి ముఖములు సాగినట్లు కనబడును. నాలుగడుగులు వెనుకకు పోయి, ఇరుప్రక్కల కొంత చోటు విడిచి తీయుడు.

మఱియొక మాట. ఆ అంచున ఉండువారు సాధారణముగా ఎవరు? వంటయింటినుండి చేతులు తుడుచుకొనుచు కడపట వచ్చిన కోడలు. అందఱును సర్దుకొనిన పిమ్మట ఆమె వచ్చి, మిగిలిన సందున ఇఱుకుకొని నిలుచును. సగము ముఖమే పడును. ఏటేట తీసిన పండుగ ఫోటోలను వరుసగా పేర్చి చూచినచో, ఏటేట ఆమె అంచుననే యుండుట కనబడును. ఇది ఎవరును కావలెనని చేసినది కాదు. ఎవరును చూడనందున జరిగినది. ఆమె వచ్చువఱకు ఆగి, ఆమెకు నడుమ చోటు చేసిన పిమ్మటనే మీట నొక్కుడు. అది కూడ చిత్రరచనయే.

ఒక్క మనిషిని తీయుటకు ఇంటి ద్వారబంధమును మించిన చట్రము లేదు. మనిషిని గడప లోపల నిలిపి, మనము వసారాలో నిలిచి చూచినచో, వెలుపలి వెలుతురు ముఖముపై మెత్తగా పడును. వెనుక గది చీకటిలో సామానంతయు అణగిపోవును. ద్వారబంధము నాలుగు ప్రక్కల పటము కట్టినట్లు నిలుచును. పసుపు కుంకుమలు, మామిడాకు తోరణము ఉన్నచో వేఱే అలంకారమేల?

మనిషిని చిత్రమున ఎచట నుంచవలెనను ప్రశ్నకు ఫోనులోని గ్రిడ్డు కొంత సాయపడును. అది చిత్రమును తొమ్మిది గళ్లుగా చేయును. గీతలు కలియు నాలుగు చుక్కలలో నొకదానిపై ముఖము వచ్చునట్లుంచి, తక్కిన చోటును ఆమె చూపునకును, ఆమె చుట్టునున్న ఇంటికిని విడుచుట మంచి పద్ధతి. అయినను ఇది శాసనము కాదు. ద్వారమున ఎదురుగా నిలిచిన మనిషికిని, బొమ్మల కొలువునకును సరిగా నడుమనే అందము.

నిలుచు చోటు

ఇక మూడవది. పీటపై కూర్చున్న నాయనమ్మను మనము నిలుచుండి తీసినచో, కెమేరా పైనుండి క్రిందికి చూచును. నెత్తి పెద్దదై, కాళ్లు చిన్నవై, ఆ ముదుసలి మఱింత కుంగినట్లు కనబడును. ఆమె యెదుట నేలపై కూర్చుండి, కెమేరాను ఆమె కన్నుల ఎత్తునకు తెచ్చి తీయుడు. ఆమె అదే, వెలుతురు అదే. కాని ఈ చిత్రమున ఆమె ఇంటి పెద్ద. మొదటి చిత్రమున ఇంటిలో నొక మూల. ఇంతటి భేదమును కలిగించినది మన మోకాళ్లు వంచుట మాత్రమే. పసిపిల్లలను తీయుటకును ఇదియే సూత్రము. వారి లోకము నేలకు రెండడుగుల ఎత్తున నున్నది. అచటికి దిగినగాని అది కనబడదు.

కన్నుల ఎత్తుకంటె కొంచెము దిగి చూచినచో మనిషి హుందాగా కనబడును. మితిమీరినచో గడ్డమును ముక్కుపుటములును మాత్రమే పెద్దవగును. పైనుండి చూచుట తగిన వస్తువులును లేకపోలేదు. ముగ్గుయొక్క ఆకృతి మేడమీదినుండియే పూర్తిగా తెలియును. పెండ్లి పంక్తిలోని విస్తళ్లు, చేటలో చెఱుగు బియ్యము, పళ్లెములోని పిండివంటలు పైనుండియే అందగించును. ముఖమును మాత్రము మిక్కిలి దగ్గఱనుండి తీయరాదు. దగ్గఱనున్న ముక్కు ఉన్నదానికంటె పెద్దదిగా కనబడును. నాలుగైదు అడుగుల దూరమున నిలిచి, ఫోనులో రెండింతలు దగ్గఱ చేయు గుర్తును నొక్కి తీసిన ముఖము సహజముగా నుండును.

నిలుచు చోటనగా అడుగుల లెక్క మాత్రమే కాదు. ఎవరు నిలిచి చూచుచున్నారనునదియు అందు చేరును. ఈ సంగతి మన హైదరాబాదులో వంద సంవత్సరములకు పూర్వమే తెలిసియుండెను. ఆఱవ నిజాముకొలువులో ఛాయాచిత్రకారుడైన రాజా దీన్‌దయాళ్ 1892లో అచట పరదా స్త్రీల కొఱకు ప్రత్యేకముగా జనానా స్టూడియో నొకటి తెఱచి, దాని నిర్వహణమును కెన్నీ-లెవిక్ అను దొరసానికి అప్పగించెను. పరాయి పురుషుని యెదుటికి రాని స్త్రీలు అచట సంకోచము లేక కెమేరాముందు కూర్చుండగలిగిరి. నేడు ఆ పరదా యుండనక్కఱలేదు. ఆ సంకోచము మాత్రము ఇంకను అనేకుల యందు కలదు. మన యిండ్లలోని పెద్ద ముత్తైదువలు స్టూడియోలో బిగుసుకొని కూర్చుందురు గాని, కూతురు వంటయింటి గడపలో కూర్చుండి మాటలాడుచు తీసినచో నవ్వుదురు. పరాయివారు నిలువలేని చోట మనము నిలువగలము. ఇది ఎంత వెల పెట్టినను దొరకని వసతి.

ఈ మూడు సూత్రములును ఒక్కచోట కలిసిన చిత్రము మఱియొకటి కలదు. 1936 మార్చిలో కాలిఫోర్నియాలోని నిపోమో అను ఊరి చెంత, పంట చెడి పనిలేక నిలిచిపోయిన బఠానీ కోత కూలీల గుడారములయొద్ద, డొరొథియా లాంగ్ అను ఛాయాచిత్రకారిణి 32 ఏండ్ల తల్లి నొకతెను చూచెను. మొదట దూరమునుండి గుడారమంతయు కనబడునట్లు తీసెను. పిమ్మట ఒక్కొక్క చిత్రమునకు దగ్గఱకు జరుగుచు వచ్చెను. కడపటి చిత్రములో గుడారము లేదు, సామాను లేదు. తల్లి నడుమ; ఒడిలో చంటిబిడ్డ; ఇరుప్రక్కల ఇద్దఱు పిల్లలు ముఖములు త్రిప్పుకొని ఆమె భుజములపై వాలియున్నారు. నలుగురును కలిసి ఒకే త్రికోణము. పైకెత్తిన ఆమె చేయి, ఒడినుండి ముఖమునకు కన్నును నడిపించు గీత. పిల్లల ముఖములు కనబడనందుననే మన చూపంతయు తల్లి ముఖముపై నిలుచును. ‘మైగ్రెంట్ మదర్’ అను పేర ఈ చిత్రము లోకమంతట ప్రసిద్ధికెక్కెను. చిత్రము మూలనుండిన యొక బొటనవ్రేలు కన్నును లాగుచున్నదని 1939లో దానిని నెగటివుపై మఱుగుచేయించిరి. మూలలను చూడుడని మేము చెప్పినది ఇందులకే.

అయితే ఈ కథకు రెండవ భాగము కలదు. ఆ తల్లి పేరును లాంగ్ అడుగలేదు. ఆమె ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అని లోకమునకు తెలిసినది 1978లో. అప్పటికి 42 సంవత్సరములు గడచెను. తన ముఖము ప్రపంచమంతయు తిరిగినను తన పేరు అడుగలేదనియు, తనకు దానివలన ఏమియు రాలేదనియు ఆమె నొచ్చుకొనెను. ఆ చిత్రమువలన ఆ కూలీల దైన్యము లోకమునకు తెలిసి, ఆ శిబిరమునకు తిండి పంపబడినమాట నిజము. ఆమె నొచ్చుకొనుటయు నిజము. ఇందుండి మనము గ్రహింపవలసినది: ఎంత చక్కగా రచించిన చిత్రమైనను, అందున్న మనిషి సమ్మతియు, పేరును లేనిచో వెలితియే. పనిమనిషి నైనను, పొరుగువారి బిడ్డ నైనను అడిగి తీయుడు, తీసినదానిని వారికి చూపుడు, వలదన్నచో తుడిచివేయుడు, ఒక ప్రతిని వారికిండు.

తీసినవారి మాట

ఇంటిలో ఫోటోలు తీయునది మీరే యైనచో మఱియొక లోపము కలదు. ఏ ఫోటోలోను మీరుండరు. భారతదేశపు మొదటి స్త్రీ పత్రికా ఛాయాచిత్రకారిణి యని పేరొందిన హోమాయ్ వ్యారావాలా (1913–2012) తొలినాళ్లలో తీసిన చిత్రములు భర్త పేరిట అచ్చయ్యెను. ఆమె పేరు తరువాత దేశమంతట తెలిసి, 2011లో పద్మవిభూషణ్ పురస్కారము లభించెను. మన యిండ్లలో తీసినవారి పేరు పిదప నైనను తెలియు మార్గము లేదు. కావున గీతలను, అంచులను మీరే చూచుకొని, నిలువవలసిన చోటను సుద్దతో గుర్తుపెట్టి, ఫోనును పదేండ్ల పిల్ల చేతికిచ్చి, మీరు వెళ్లి నిలువుడు. పిల్లకు విద్య వచ్చును. మీకు ఫోటో మిగులును.

ఈ నెల అభ్యాసము

ఇంటిలోని పెద్దవారిలో నొకరిని ఎన్నుకొనుడు. వారి అనుమతితో మూడు ఫోటోలు తీయుడు. మొదటిది ద్వారబంధములో, కన్నుల ఎత్తున, ముఖము స్పష్టముగా. రెండవది వారికి ఇష్టమైన పనిలో: పూలు కట్టుచుండగానో, పుస్తకము చదువుచుండగానో. మూడవది చేతులు మాత్రమే. ప్రతి మాఱును గీతలు ఎటు పోవుచున్నవో, అంచులలో ఏమున్నదో, మన కెమేరా వారికి పైనున్నదో సమముగా నున్నదో చూచుకొనుడు. మూడింటిని కాగితముపై అచ్చువేయించి, వెనుక పేరు, ఊరు, తేది వ్రాసి దాచుడు. ఫోను చెడిపోవును, మాఱిపోవును; పెట్టెలోని కాగితము నిలుచును.

ఇది రేపటికి వాయిదా వేయదగిన పని కాదు. వారు ఎదుట కూర్చుండి నవ్వుచుండగానే జరుగవలసిన పని. వచ్చే నెల పాత పటములను చెదలునుండి, చెమ్మనుండి కాపాడు విధమును గూర్చి వ్రాయుదుము.